పదకొండు ప్రదక్షిణలు, పక్కనే ఒక అడవి

మన బ్యాచ్‌లో చిలుకూరు వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నారా? నేనైతే మూడుసార్లు వెళ్లాను. ఎంసెట్‌కి ముందు, సీటు వచ్చాక మొక్కు తీర్చడానికి, అక్క వీసా ఇంటర్వ్యూ అప్పుడు. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108.

ఆ దారిలోనే మృగవని నేషనల్ పార్క్ బోర్డు ఉంటుంది. మూడుసార్లూ చూసి "ఏదో చిన్న జూ అయ్యుంటుందిలే" అనుకుని వచ్చేశాను. పోయిన నెల రూమ్మేట్‌కి తోడుగా వెళ్తే బండి పంక్చరైంది. షాపతను భోజనానికెళ్లాడు, గంట పడుతుందన్నారు. ఆ గంట గడపడానికే లోపలికెళ్లాం. ప్రకృతి ప్రేమేం కాదు.

లోపల బోనుల్లేవు. 3.6 చదరపు కిలోమీటర్ల అడవి. 1994లోనే నేషనల్ పార్క్ అయిందట. అరగంట నడిచినా పుట్టలు, పొదలు, ఎక్కడో నెమలి కూత తప్ప ఏమీ లేదు. "టికెట్ డబ్బులు దండగ రా" అన్నాడు వాడు. అప్పుడే చుక్కల దుప్పులు. ఎనిమిదో తొమ్మిదో. అవీ ఆగాయి, మేమూ ఆగాం. ఒకటి ముందుకాలితో నేలని టక్కున కొట్టింది. ఫోన్ తీసేలోపు ఒక్కటీ లేదు. మన రాష్ట్ర జంతువు అది. నాకు అప్పటిదాకా జీకే బిట్టుగానే తెలుసు.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవప్పుడు నేను రోజుకి నాలుగు స్టోరీలు పెట్టాను. సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమన్నరోజు హాస్టల్లో పండగ చేసుకున్నాం. అది తప్పనను. కానీ అక్కడి విద్యార్థులు అంత గట్టిగా మాట్లాడగలిగింది, రోజూ ఆ చెట్ల మధ్య తిరిగినవాళ్లు కాబట్టి. మనకేమో బుల్‌డోజర్ వస్తే తప్ప అడవి కనబడదు.

"నేషనల్ పార్క్ కదా, దానికేమవుతుంది?" అంటారు. కంచె లోపలికి చట్టం ఉంది, నిజమే. కంచె బయట? గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల నిర్మాణాలకి 1996 నాటి 111 జీవో పగ్గం వేసింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. రేపు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తే, బోనుల్లేని ఆ అడవే పెద్ద బోనైపోతుంది. అప్పుడు దాని తరఫున మాట్లాడాలంటే ముందు దాన్ని చూసినవాళ్లు ఉండాలి కదా.

"అందరూ ఎగబడితే పాడైపోదా?" అని రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన మాటే. చిప్స్ ప్యాకెట్లు, బ్లూటూత్ స్పీకర్లతో వెళ్లేట్టయితే దయచేసి వెళ్లకండి. ఉత్త చేతులతో, ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. ఏమీ కనబడకపోయినా ఒక గంట నడవండి.

ఇది ముఖ్యంగా వీసా కోసం తిరిగేవాళ్లకి చెబుతున్నా. వదిలి వెళ్లాలని మొక్కుకునే ఊరిని ఒక్కసారైనా చూసి వెళ్దాం. మావాడికి వీసా వస్తే 108 బాకీ. వాడు అవి తిరిగేలోపు నేను అడవిలో ఒక రౌండ్ వేసొస్తా. వచ్చేవాళ్లు చెప్పండి.