‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసుంటే చాలా?

మొన్న సెలవులకి గిద్దలూరు వచ్చినప్పుడు మేం నలుగురం నూనె గురించి గట్టిగానే వాదించుకున్నాం. ఒక తమ్ముడు ప్యాకెట్ తిప్పి, ‘ఇదిగో, కొలెస్ట్రాల్ లేదని రాసుంది గదా’ అన్నాడు. నిజమే, లేదు. ఏ గింజ నూనెలోనూ ఉండదు. ఉప్పు ప్యాకెట్ మీద ‘ఇందులో ఎముకలు లేవు’ అని రాసినట్టే ఇదీ!

మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మన లివర్ తయారుచేసేదే. తిండిలో సంతృప్త కొవ్వు ఎక్కువైతే, ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ని లివర్ రక్తంలోంచి లాక్కోవడం తగ్గిపోతుంది. అది రక్తనాళాల్లో పేరుకుంటుంది. పామాయిల్‌లో ఈ కొవ్వు దాదాపు సగం. శనక్కాయ నూనెలో ఐదో వంతు దాకా, పొద్దుతిరుగుడులో ఇంకా తక్కువ. కానీ మనోళ్లకి చవగ్గా దొరికింది పామాయిలే. 2013లో అమ్మహస్తం కింద 185 రూపాయలకి ఇచ్చిన తొమ్మిది సరుకుల్లోనూ అదే ఉంది.

అట్లాగని ‘మన ఇప్పనూనె అమృతం’ అంటే మేం ఒప్పుకోం. అందులోనూ సంతృప్త కొవ్వు సగానికి దగ్గరే. మన తాతలకి నూనె దొరికిందే కొంచెం, నల్లమలలో తేనెకీ గడ్డలకీ తిరిగిందేమో పొద్దంతా. మనం హాస్టల్లో కూర్చుని పుస్తకాలు తిప్పుతున్నాం.

అసలు గొడవ వేరే ఉంది. మాలో కొందరు చదివిన ఒక హాస్టల్లో పూరీలు కాల్చిన నూనె నల్లగా అయినా మర్నాడు కూర తాలింపుకి వాడేవాళ్లు. అడిగితే ‘పారబోస్తే లెక్క ఎవరు చెప్తారు?’ అన్నారు. పదేపదే కాచిన నూనెలో ట్రాన్స్ ఫ్యాట్లూ, ఒంటికి చేటు చేసేవి ఇంకొన్నీ పుడతాయి. ట్రాన్స్ ఫ్యాట్ చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచడమే కాదు, మంచిదాన్ని తగ్గిస్తుంది కూడా. కాచిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి రూల్ ఉంది. కానీ హాస్టల్ వంటగదిలో దాన్ని కొలిచే మీటరు యాడుంది? నురగ, రంగు, వాసన చూసి చెప్పుకోవాల్సిందే.

మెస్ కమిటీల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వంటక్క మీద పడకండి. ఇచ్చిన నూనెతోనే ఆమె వండుతుంది. వార్డెన్ గారిని అడగండి. వారానికి ఒకరోజు పూరీలు మానేసినా పర్లేదు, కాచిన నూనె మళ్లీ వద్దని చెప్పండి. పామాయిల్ బదులు శనక్కాయ నూనె ఇవ్వమని ఐటీడీఏకి అర్జీ రాసి పెట్టాం. సంతకాలే తక్కువ పడ్డాయి.