గంటసేపు తాళం వేసుకుందాం రండి!

"ఈ వయసులో ఆటలేమిటి?" అని మా అత్తగారు అనలేదు. ఆవిడకంటే ముందు నేనే అనుకున్నాను.

హైదరాబాదులో ఉన్న మా కాలేజీ స్నేహితురాలి గృహప్రవేశానికి ముగ్గురం బయల్దేరాం. ఒకామె తాడేపల్లిగూడెంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. నేనూ, కైకలూరు నుంచి వచ్చిన ఇంకొకామె ఏలూరులో ఎక్కాం. పూజ, భోజనాలు అయిన మర్నాడు స్నేహితురాలి కూతురు "ఆంటీ, మీ నలుగురికీ ఎస్కేప్ రూమ్ బుక్ చేశాను" అంది. అదేదో సినిమా అనుకున్నాం.

సినిమా కాదు. నలుగురినీ ఒక గదిలో పెట్టి తలుపు మూస్తారు. గడువు 60 నిమిషాలు. గదిలో దాచిన ఆనవాళ్ళు పట్టుకుని, ఒక్కొక్క తాళమే తీసుకుంటూ బయటపడాలి. ఊరికే తాళాలు తీయడమూ కాదు, దానికో కథ ఉంటుంది. మా కథలో జమీందారుగారు పోయారు, వీలునామా కనిపించడం లేదు, మేము ఆయన మనవరాళ్ళం! కంప్యూటర్లలో ఆడే ఇలాంటి ఆటను మనుషులు నిజంగా ఆడేలా 2007లో జపాన్‌లోని క్యోటోలో టకావో కాటో అనే ఆయన మొదలుపెట్టారట. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది.

మొదటి పది నిమిషాలూ నలుగురం ఒకేసారి మాట్లాడాం. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. గోడ గడియారం, పాత ఫొటోలు, ఇనప్పెట్టె, అన్నీ ఉన్నాయి గానీ దేనికి దేనితో సంబంధమో అంతుపట్టలేదు. అప్పుడు మా కైకలూరు స్నేహితురాలు గోడమీది ముగ్గు బొమ్మ దగ్గర నిలబడి మెల్లగా అంది: "ఇది పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా. సందుచుక్క." పెట్టె తాళానికి నాలుగంకెలు. 1508 తిప్పింది. పెట్టె తెరుచుకుంది!

ఆమె గురించి ఒక మాట చెప్పాలి. చీర కొనాలన్నా, పెళ్ళికి రావాలన్నా "మా ఆయన్నడిగి చెబుతానే" అనడం ఆమెకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ గంటలో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఆ తర్వాత మేమే ఆమెను "ఇప్పుడేం చేద్దామే?" అని అడగడం మొదలుపెట్టాం.

గెలిచామా అంటే లేదు. చివరి తాళం దగ్గర టైమైపోయింది. తలుపు తెరిచిన అబ్బాయి "బాగా ఆడారమ్మా" అంటుంటే పొట్ట పట్టుకుని నవ్వాం. బయటికొచ్చి, లోపలికి వెళ్ళేముందు అప్పగించిన ఫోన్లు తీసుకుంటే నాకు ఆరు మిస్డ్ కాల్స్. కంగారుగా చేశాను. "పోపులపెట్టె ఎక్కడ పెట్టావు?" అన్నారు మావారు. గంటసేపు ఎవరో దాచినవి వెతికిన నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన ఉన్నది కూడా తాళం లేని వంటగదిలోనే మరి!

ఆడవాళ్ళకు ఆటలు కొత్తేం కాదు. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి, చద్దన్నం తిని, ఆటలాడి, ఉయ్యాలలూగిన వాళ్ళమే కదా మనం! మంచి మొగుడు రావాలనో, ఉన్న మొగుడు చల్లగా ఉండాలనో వంక పెట్టి అయినా ఆ ఒక్క పూట మనది అన్నారు పెద్దలు. ఇప్పుడు నోములు మిగిలాయి గానీ ఉయ్యాలలు పిల్లలకే పోయాయి. స్నేహితురాళ్ళం కలిసినా ఏ పెళ్ళిలోనో వడ్డన చూస్తూ కలవడమే. కలిసి ఏదైనా చేసి ఎన్నాళ్ళయింది?

డబ్బు దండగ అనేవాళ్ళుంటారు. దండగే అనుకుందాం. పండక్కి పండక్కీ బీరువాలో చేరే చీరలకంటే పెద్ద దండగ మాత్రం కాదు.

భయం మాట వేరు, అది కొట్టిపారేయకూడదు. పోలండ్‌లోని కోషాలిన్ పట్టణంలో 2019 జనవరిలో పుట్టినరోజు చేసుకోవడానికి ఇలాంటి గదిలోకి వెళ్ళిన పదిహేనేళ్ళ అమ్మాయిలు ఐదుగురు అగ్నిప్రమాదంలో చనిపోయారు. కాబట్టి మీరు వెళ్ళినా, పిల్లల్ని పంపినా ముందే అడగండి. తలుపుకు నిజంగా తాళం వేస్తారా? లోపలినుంచి మనమే తీసుకోగలమా? కరెంటు పోతే, నిప్పంటుకుంటే దారేది? ఆడుతున్నంతసేపూ కెమెరాలో చూస్తూ మనిషి ఉంటాడా? సరైన జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. మొహమాటపడకండి.

తిరుగు ప్రయాణంలో కైకలూరు స్నేహితురాలు తమ కొల్లేటి కథ చెప్పింది. కొల్లేటికోటలో గజపతి సేనలు ఉండగా శత్రువులు చిగురుకోట దగ్గర దిగారట. సరస్సు నీళ్ళు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు కాలువ తవ్వబోయారట. గెలుపుకోసం గజపతి సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలువను పేరంటాల కనుమ అంటారట.

చెప్పి ఆగి, "ఆ పిల్లనెవరైనా అడిగారంటావా?" అంది.

మేమెవ్వరం మాట్లాడలేదు. కాసేపటికి గూడెం స్నేహితురాలు అంది: "ఈ కథతో గది చేస్తే వీలునామాలూ నిధులూ వద్దే. గంటలోపల ఆ పిల్లను బయటికి తేవాలి. అదీ ఆట!"

చేయాలంటే హైదరాబాదే అక్కర్లేదు. ఒక పాత ట్రంకుపెట్టె, నంబర్ల తాళం, నాలుగు చీటీలు, మన ఊరి కథ ఒకటి ఉంటే చాలు. ఈసారి అట్లతద్దికి ఏలూరులో మా ఇంట్లో ఆడదామని నలుగురం అనుకున్నాం. కథ అల్లేది కైకలూరు స్నేహితురాలే. "ఏ రోజు రమ్మంటారో చెప్పండి, వస్తాను" అంది. అడిగి చెబుతానని అనలేదు.

మీరు కూడా స్నేహితురాళ్ళను పిలవండి. ఆ గంటసేపూ ఫోన్లు గది బయటే పెట్టండి. పోపులపెట్టె వాళ్ళే వెతుక్కుంటారు, ఏమంటారు?