పది డాలర్ల టేబుల్ ఖరీదు

లాస్‌వేగస్‌ కసీనోల్లో బ్లాక్‌జాక్‌ టేబుల్ దగ్గర ముందు కంటపడేది కనీస పందెం రాసిన చిన్న బోర్డు. కొద్ది డబ్బుతో సరదాకు వచ్చినవాళ్లు చాలామంది ఆ అంకె చూసి కుర్చీ లాక్కుంటారు. అసలు చదవవలసినది టేబుల్ గుడ్డమీద ఉంటుంది. అక్కడ బ్లాక్‌జాక్‌ చెల్లింపు 3:2 అనో, 6:5 అనో అచ్చువేసి ఉంటుంది.

మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ చేసే ముక్క జత కలిస్తే అది బ్లాక్‌జాక్‌. పది డాలర్ల పందేనికి 3:2 టేబుల్ 15 డాలర్లిస్తుంది; 6:5 టేబుల్ 12తో సరిపెడుతుంది. తేడా మూడు డాలర్లే. అయితే ఈ జత సుమారు 21 ఆటలకొకసారి పడుతుంది కనుక, ఆ కోతతో కసీనో లాభం మరో 1.4 శాతం దాకా పెరుగుతుంది. బేసిక్‌ స్ట్రాటజీ (ఏ ముక్కలకు ఏం చేయాలో లెక్కగట్టి చెప్పే పద్ధతి) తప్పకుండా ఆడేవాడిపై మంచి 3:2 టేబుల్లో కసీనోకు మిగిలేది అర శాతం చిల్లర. గంటకు 60 ఆటలనుకుంటే 15 డాలర్ల 3:2 టేబుల్లో సగటు నష్టం నాలుగున్నర డాలర్లు. 10 డాలర్ల 6:5 టేబుల్లో అది 11 దాటుతుంది. ఒకే పేకతో ఆట అని బోర్డు పెట్టి ఊరించే టేబుళ్లలోనూ 6:5 మామూలైపోయింది. పేకలు తగ్గడంవల్ల ఆటగాడికి కలిసొచ్చేదంతా, ఇంకొంత కూడా, ఆ కోతలోనే పోతుంది.

ఈ లెక్కన 25 డాలర్ల 3:2 టేబుల్ కూడా సగటున చవకే. కానీ సగటు వేరు, జేబు వేరు. గంటలో పది పందేల మేర పైకో కిందికో పోవడం విడ్డూరం కాదు. 200 డాలర్లతో వచ్చినవాడికి అక్కడ ఉన్నవి ఎనిమిది పందేలే. కనీసం ముప్పై నలభై పందేలకు డబ్బు సరిపోయే టేబుల్ చూసుకోవాలి. అలాంటి 3:2 టేబుల్ పెద్ద కసీనోల వీధి అయిన స్ట్రిప్‌లో దొరక్కపోతే డౌన్‌టౌన్‌ వైపు వెతకడం మేలు.

మిగతా నియమాల ప్రభావం తక్కువ. ఆసును 11గా లెక్కిస్తే వచ్చే 17 దగ్గర డీలర్‌ ఆగకుండా మరో ముక్క తీస్తే ఆటగాడికి 0.2 శాతం నష్టం.

వేగాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కుర్చీలన్నీ నిండిన టేబుల్లో గంటకు 50, 60 ఆటలు నడిస్తే, డీలర్‌తో ఒంటరిగా కూర్చున్నవాడికి 200 కూడా దాటుతాయి. ముక్కలను ఆపకుండా కలిపే యంత్రం ఉంటే పేక కలిపేటప్పుడు దొరికే విరామమూ ఉండదు. సరదాగా ఆడేవాడికి రద్దీ టేబులే మేలు.

బేసిక్‌ స్ట్రాటజీ పట్టికను చేతిలో పెట్టుకుని ఆడటానికి కసీనోలు సాధారణంగా అభ్యంతరం చెప్పవు. అవి ఆశ పెట్టుకునేది పక్క పందేల మీద. డీలర్‌కు ఆసు పడగానే అడిగే ఇన్సూరెన్స్‌ పేరుకే రక్షణ; ఆరు పేకల ఆటలో దానిమీద కసీనోకు ఏడు శాతం పైనే మిగులుతుంది.