సంఘీభావానికి జామీను ఎవరు?

1

నిర్బంధంలో వున్న మహిళా ఉద్యమకారుల విడుదలకోసం ఆన్‌లైనులో సాగే సంఘీభావ ప్రచారాల విషయంలో అభ్యుదయవాదుల మధ్య నేడు రెండు అభిప్రాయాలు వినబడుతున్నాయి. ఇదంతా వేళ్ల కొసలతో చేసే విప్లవమనీ, దీనివల్ల జైలు గోడకు సున్నపు పెచ్చుకూడా వూడదనీ కొందరు ఎగతాళి చేస్తారు. ఫోటో పెట్టి, కింద ఒక హాష్‌టాగు తగిలించి, నాలుగు వందలమంది మెచ్చుకోలు పొందితే తమ కర్తవ్యం తీరిపోయిందని మరికొందరు నమ్ముతారు. మొదటివారితో నాకున్న పేచీ కొద్దిపాటిది. నా పోట్లాటంతా రెండవవారితోనే. ఎందుకంటే వారు మనవాళ్లు. మన కాలేజీలలో పాఠాలు చెప్పేవాళ్లు, మన సభలలో ముందు వరుసలో కూర్చునేవాళ్లు.

మొదటివారికి రెండు ఉదాహరణలతో జవాబు చెప్పవచ్చు. 2015 మార్చిలో, బస్సులలో స్త్రీలకు జరిగే వేధింపులను ఖండిస్తూ స్టిక్కర్లు పంచబోయిన అయిదుగురు యువతులను చైనా ప్రభుత్వం మహిళా దినోత్సవానికి ముందే పట్టుకుపోయింది. వారి పేర్లు ఆన్‌లైనులో దేశదేశాలా మారుమోగాయి. 37 రోజుల తర్వాత వారిని బెయిలుపై విడిచిపెట్టారు. 2021 ఫిబ్రవరిలో, రైతుల ఉద్యమానికి మద్దతుగా తయారైన ఒక ఆన్‌లైను పత్రంలో చేయిచేసుకున్నదన్న ఆరోపణతో, 22 ఏళ్ల దిశా రవిని ఢిల్లీ పోలీసులు బెంగుళూరు వచ్చి రాజద్రోహ నేరంకింద అరెస్టు చేశారు. పది రోజులకు బెయిలు వచ్చింది. ఏ ప్రభావమూ లేని పనిని ఏ ప్రభుత్వమూ నేరంగా లెక్కించదు. పోస్టులను తొలగింపజేసే అధికారంకోసం సమాచార సాంకేతిక చట్టంలో 69ఎ అనే సెక్షనును ఊరికే పెట్టుకోలేదు.

కనుక ఆన్‌లైను ప్రచారానికి బలం వున్నది. అయితే ఆ బలం ఎవరికి అందుతున్నది? ఎవరిదాకా రాకుండా ఆగిపోతున్నది? అసలు ప్రశ్న యిదీ. దీన్ని మన సంఘీభావ ప్రచారకులు తమను తాము అడగడం లేదు.

2

తాడ్వాయి కేసు తీసుకుందాం. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసు స్టేషనులో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అనగా మనం వాడుకలో ఉపా అంటున్న చట్టంకింద 152 మందిపై ఒక కేసు నమోదైంది. ఆ సంగతి 2023 జూన్‌లోగాని బయటపడలేదు. ప్రొఫెసర్ హరగోపాల్ పేరు అందులో వున్నదని తెలియగానే తెలుగు దేశమంతా కదిలింది. పత్రికలు రాశాయి, ఫోన్లన్నీ ఖండనలతో నిండిపోయాయి. 2020లోనే కన్నుమూసిన జస్టిస్ హెచ్. సురేశ్ పేరుకూడా ముద్దాయిలలో వున్నదని తెలిసి జనం నవ్వుకున్నారు. కొద్ది రోజులలోనే ముఖ్యమంత్రి కేసు ఎత్తివేయమన్నాడు. ఇది ప్రజాభిప్రాయ విజయమే. దీన్ని తక్కువ చేయను.

అయితే ఆనాడు పోలీసులు తొలగిస్తున్నామని ప్రకటించిన పేర్లు ఎన్నో మనలో ఎంతమంది లెక్కపెట్టారు? ఆరు. హరగోపాల్, పద్మజా షా, మరి నలుగురు. 152లో 6 తీసివేస్తే 146. ఆ ఆరు పేర్లు పోగానే మన ఫోన్లు చల్లబడ్డాయి. మిగిలిన 146 మంది ఎవరు, వారిలో స్త్రీలెందరు, వారి గతేమిటి అని అడుగుతూ వచ్చిన పోస్టులను వేళ్లమీద లెక్కించవచ్చు. ప్రభుత్వం మన లోకువను కనిపెట్టింది. పేరున్నవారిని వదిలిపెడితే చాలు, పేరులేనివారి సంగతి మనమే మరిచిపోతామని దానికి తెలుసు.

ఢిల్లీలోనూ యిదే జరిగింది. 2020 అల్లర్ల కుట్ర కేసులో పింజ్రా తోడ్ మహిళా బృందానికి చెందిన నతాషా నర్వాల్, దేవాంగనా కలితలకు 2021 జూన్‌లో హైకోర్టు బెయిలు యిచ్చింది. అదే కేసులో, పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా శీలంపూర్ స్త్రీలతో కలిసి నిలబడిన గుల్ఫిషా ఫాతిమాకు బెయిలు దొరికింది 2026 జనవరిలో. 2020 ఏప్రిల్‌నుంచి లెక్క వేసుకోండి: అయిదేళ్ల తొమ్మిది నెలలు. మొదటి ఇద్దరికి మద్దతు తెలపడం తప్పని నేననడం లేదు. వారూ ఏడాదికి పైగా జైలులో మగ్గారు. నతాషా తండ్రి కోవిడ్‌తో పోయినప్పుడు ఆమె జైలులోనే వున్నది. వారు బయటికి రాగానే మనం పండుగ చేసుకొని, మూడవ ఆమెను జ్ఞాపకాల మూలకు నెట్టామన్నదే నా ఆరోపణ. సంవత్సరాలు గడిచేకొద్దీ పోస్టులు పలచబడ్డాయి, శిక్ష మాత్రం చిక్కబడింది.

3

ఇలా ఎందుకు జరుగుతుంది? ఆన్‌లైను సంత మనది కాదు, షాహుకారుది. కొత్త సరుకునే అది ముందుకు తోస్తుంది. అరెస్టు కొత్త సరుకు. విచారణ లేని నాలుగవ సంవత్సరం పాత సరుకు. కాని ఉపా చట్టం కొట్టే దెబ్బ మొదటి రోజున కాదు, నాలుగవ సంవత్సరంలోనే తగులుతుంది. ఆ చట్టం ప్రకారం అభియోగపత్రం లేకుండానే 180 రోజులదాకా నిర్బంధించవచ్చు. పోలీసు కాగితాలు చూసి ఆరోపణ పైకి నిజంగా కనబడుతున్నదని కోర్టు అనుకుంటే, 43డి(5) సెక్షను బెయిలుకు అడ్డుపడుతుంది. 2016 మొదలు 2019 వరకు యీ చట్టంకింద 5,922 మందిని అరెస్టు చేశారనీ, అదే కాలంలో శిక్షపడినవారు 132 మంది మాత్రమేననీ 2021 ఫిబ్రవరిలో రాజ్యసభకు చెప్పినది ప్రభుత్వమే. నేరం రుజువు కావలసిన పని లేదు, వాయిదాలే శిక్ష. మూడు రోజుల హాష్‌టాగు మూడేళ్ల వాయిదాకు విరుగుడు ఎట్లా అవుతుంది?

ఈ సంగతి మనకన్నా పల్లెటూళ్లకు బాగా తెలుసు. నాది నూజెండ్ల. మిరప, పత్తి పండే మెట్ట ప్రాంతం. కక్షల మూలంగా కోర్టు వాయిదా అంటే ఏమిటో తెలియని వూరు మా పల్నాడులో అరుదు. ఢిల్లీ అమ్మాయిల బెయిలు వార్త వచ్చిన రోజుల్లో, కూలికి పోయివస్తున్న ఒక పెద్దామెకు ఆ సంగతి చెప్పాను. ఆమె ఆ పిల్లల ఫోటో చూపించమనలేదు, వారి సిద్ధాంతమేమిటనీ అడగలేదు. "మరి జామీను ఎవరిచ్చారమ్మా?" అన్నది.

ఆ ప్రశ్న ఎంత సూటిదో చూడండి. హైకోర్టు బెయిలు యిచ్చాక కూడా, జామీనుదారుల చిరునామాలు సరిచూడాలంటూ పోలీసులు గడువు అడిగినందువల్ల, ఆ అమ్మాయిలు మరి రెండు రోజులు జైలులోనే వుండిపోయారు. దేశమంతా ఎరిగినవారికే రెండు రోజులు పడితే, పాసుపుస్తకం లేని కూలీ కుటుంబపు స్త్రీకి ఎన్ని దినాలు పడుతుంది? మా ప్రాంతపు కక్షల నాయకుడు తన మనిషి లోపలికి పోయిన సాయంత్రానికే ప్లీడరును మాట్లాడతాడు, జామీనుదార్లను సిద్ధం చేస్తాడు, ఇంటికి బియ్యం బస్తా పంపుతాడు. అతని పని చెడ్డది, దాని వెనుక వున్న స్వార్థం మరీ చెడ్డది. కాని తన మనిషిని నిలుపుకోవడంలో అతనికున్న శ్రద్ధ, మానవజాతి విముక్తిని గురించి మాట్లాడే మనకెందుకు లేదు?

ఇది దూరపు ముచ్చట కాదు. 2020 నవంబరులో విశాఖ మన్యంలోని ముంచంగిపుట్టులో ఉపా కేసు నమోదైంది; అదే నెలలో మన పిడుగురాళ్లలోనూ నమోదైంది. వాటిలో మహిళా కార్యకర్తల పేర్లూ చేరాయి. 2021 మార్చి 31న జాతీయ దర్యాప్తు సంస్థ రెండు రాష్ట్రాలలో 31 చోట్ల సోదాలు జరిపింది. గుంటూరు, ప్రకాశం జిల్లాలూ అందులో వున్నాయి. 2022 జూన్‌లో చైతన్య మహిళా సంఘానికి చెందిన దేవేంద్ర, స్వప్న, శిల్పలను అదే సంస్థ అరెస్టు చేసింది. శిల్ప హైకోర్టు న్యాయవాది. ఇరాన్ స్త్రీలకోసం కవితలు రాసిన మన కవులలో ఎంతమంది యీ మూడు పేర్లు రాశారు? ఇరాన్ స్త్రీకోసం రాయడం మంచిదే. అయితే దూరదేశపు జైలును ఖండించడానికి ధైర్యం అక్కరలేదు. పక్క వూరి స్టేషనులో నమోదైన కేసును గురించి నోరు విప్పడానికే కావాలి.

4

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, వచ్చి తీరాలి. ఆ ముగ్గురి అరెస్టుకు ఆధారం ఒక తల్లి చేసిన ఫిర్యాదు. చదువుకుంటున్న తన కూతురిని మావోయిస్టులలోకి పంపించారని ఆమె ఆరోపణ. ఆ కూతురిని 2024 ఆగస్టులో, ఇన్ఫార్మరని ముద్రవేసి, మావోయిస్టులే చంపారు. మరి మీ సంఘీభావం ఎవరికి అని అడిగేవారికి మనం తల వంచుకోనక్కరలేదు, తల తిప్పుకోనూ కూడదు. ముద్దాయిలకు బెయిలు, సత్వర విచారణ కోరడం వారి రాజకీయాలకు సంతకం పెట్టడం కాదు. అలాగే, ఆ తల్లి దుఃఖాన్ని పోలీసు కట్టుకథగా తీసిపారేయడం స్త్రీల హక్కుల పక్షం కాదు. ఆ హత్యను ఒక్క మాటతోనైనా ఖండించలేని సంఘీభావం పార్టీ ప్రచారంగా దిగజారుతుంది. శత్రువు జైలులో పెట్టినప్పుడే గుర్తుకొచ్చి, తనవారు చంపినప్పుడు గుర్తుకురాని హక్కు హక్కు కానేరదు.

ఈ విచక్షణ మన నేలకు కొత్తకాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీకి దిగి బస్సు తగలబెట్టిన ఘటనలో 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు వురిశిక్ష పడింది. వారు చేసిన పనిని సమర్థించినవాడు ఒక్కడూ లేడు. అయినా పౌరహక్కులవారు, రచయితలు, దళిత సంఘాలవారు ఆ రెండు ప్రాణాలకోసం తిరిగారు, సంతకాలు సేకరించారు, రాష్ట్రపతికి విన్నవించారు. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ ఆ శిక్షలను యావజ్జీవంగా మార్చారు. నాడు హాష్‌టాగులు లేవు. ఆ కాగితానికి ఒక చిరునామా వున్నది, మోసుకుపోయిన కాళ్లున్నాయి, పని పూర్తయేదాకా వదలని ఓపిక వున్నది.

చిరునామా అన్న మాటకు మా వినుకొండ కవిని తలుచుకోవాలి. జాషువా గబ్బిలం ప్రకటించింది 1941లో. గుడి లోపలికి తనను రానివ్వరు గనుక, రానిచ్చే గబ్బిలాన్ని ఎంచుకొని, కాశీలోని శివుని చెవిలో, పూజారి లేని సమయం చూసి తన మాట చెప్పమంటాడు ఆ దళితుడు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, మధ్యలో అడ్డం ఎవరు అన్నవి మూడూ ఆ నిరుపేదకు తెలుసు. మన పోస్టు ఎవరి చెవిలో పడుతున్నది? జైలులో వున్న స్త్రీ దాన్ని చూడదు. ఆమెకు ఫోను లేదు. న్యాయమూర్తి దాన్ని చూసి తీర్పు రాయడు, రాయకూడదుకూడా. మన పోస్టును చూసేది మన మిత్రులు. మనవాళ్ల మాట మనవాళ్లే విని మెచ్చుకునేదాన్ని సందేశమనరు, భజన అంటారు.

5

అయితే ఫోను పారేద్దామా? అక్కరలేదు. ఫోను తప్పెట వంటిది. తప్పెట విని జనం గుమిగూడాలి. గుమిగూడినవారికి పని వుండాలి. ఆ పని ఏమిటో చెబుతాను.

నిర్బంధంలో వున్న ఒక స్త్రీ పేరు ప్రకటించినప్పుడు, అదే కేసులోని అందరి పేర్లూ ప్రకటించాలి. అందరికన్నా తక్కువ తెలిసిన పేరు మొదట రాయాలి. అరెస్టు తేదీతోపాటు రాబోయే వాయిదా తేదీ వేయాలి. ఇంగ్లీషు మాటకన్నా ముందు తెలుగు మాట వుండాలి, ఎందుకంటే జామీను యివ్వవలసినవారు తెలుగు చదివేవారు. వాయిదా నాటికి కోర్టు హాలులో నలుగురు మనుషులు కూర్చొని వుండాలి. జైలుకు ఉత్తరాలు పోవాలి. అధికారులు తెరిచి చదువుతారు, చదవనివ్వండి, ఆమెకు బయట మనుషులున్నారని వారికీ తెలుస్తుంది. నూజెండ్లనుంచి రాజమహేంద్రవరం మహిళా జైలుకు ములాఖత్‌కు పోయే తల్లి రెండు దినాల కూలి పోగొట్టుకోవాలి. ఆ కూలి, ఆ బస్సు చార్జీ ఎవరివో తేలాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి వూరిలోనూ జామీనుకు సిద్ధపడేవారి జాబితా ఒకటి వుండాలి. పొలం వున్నవారు పాసుపుస్తకంతో, జీతం వున్నవారు జీతపు పత్రంతో.

ఈ చివరి మాట దగ్గర మన లెక్చరర్లు కొంచెం కదులుతారని నాకు తెలుసు. నేనూ జీతగాళ్ల వర్గంలోనిదాన్నే. ఉద్యోగపు భయం ఎట్టిదో ఎరుగుదును. భయపడేవాడిని నేను నిందించను. భయపడుతూ ధైర్యవంతుడి వేషం వేసేవాడిని నిందిస్తాను. జామీను యివ్వలేనివారు కూలి యివ్వవచ్చు, కూలి యివ్వలేనివారు ఉత్తరం రాయవచ్చు. మన విద్యార్థులు మనకన్నా ఫోను బాగా ఎరుగుదురు. ఆ నైపుణ్యంతో 146 మందివంటి జాబితాలను వెతికి, తెలుగులో రాసి, వాయిదా వాయిదాకు ఏమైందో నమోదు చేయవచ్చు. పరిశోధన అంటే ఇదీ పరిశోధనే.

సంఘీభావం అనే మాటను మనం చాలా చౌక చేశాం. అది మనసులో పుట్టే జాలి కాదు, తెరమీద వెలిగే దీపం బొమ్మా కాదు. ఒక మనిషి బరువులో కొంత తన భుజానికి ఎత్తుకోవడం అది. ఎత్తుకున్నప్పుడు భుజం నొప్పి పుడుతుంది. మనం యింతవరకు చేసిన సంఘీభావ ప్రకటనలలో ఏదైనా మన భుజాన్ని నొప్పించిందా? ప్రతివారూ తమ భుజాన్నే అడిగి చూసుకోవాలి.