కదలకుండా నిలబడడం నిలకడ కాదు

కెండామా ఆడుతున్న పిల్లవాడికి "కదలకుండా నిటారుగా నిలబడు, చెయ్యి మాత్రమే ఆడించు" అని సలహా ఇచ్చే పెద్దలు ఉన్నారు. అదే ఆటవస్తువును చేతిలోకి తీసుకున్న డెబ్బై ఏళ్ళ తాతగారిని "పడిపోతారు, కుర్చీలో కూర్చుని ఆడండి" అని బ్రతిమాలే పిల్లలూ ఉన్నారు. రెండు సలహాలూ ప్రేమతో ఇచ్చినవే. రెండూ తప్పే. ఆ తప్పు ఒక ఆటకే పరిమితమైతే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు.

ఈ వస్తువును ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. కెండామా జపాను దేశపు ఆటవస్తువు. విదేశాలలో పెరుగుతున్న మన మనవలు సెలవులకు వచ్చినప్పుడు వెంట తెస్తూ ఉండడం వలన మన ఇళ్ళలోనూ అక్కడక్కడ కనిపిస్తున్నది. కొయ్యతో చేసిన పిడి, దాని ఇరుప్రక్కల పెద్దదీ చిన్నదీ రెండు గిన్నెలు, అడుగున మరొక గిన్నె, కొనన ఒక మొన, దారంతో కట్టిన, రంధ్రం గల బంతి: ఇంతే దాని స్వరూపం. బంతిని ఎగురవేసి గిన్నెలో నిలపాలి, లేదా మొనకు గుచ్చాలి. కురే నగరానికి చెందిన ఎగుసా హమాజీ దీని నేటి రూపాన్ని 1919లో నమోదు చేయించాడు. 1921 నుంచి హిరోషిమా ప్రాంతంలోని హత్సుకాయిచిలో దీని తయారీ సాగింది. 1975లో ఏర్పడిన జపాన్ కెండామా సంఘం ఈ ఆటకు పరీక్షలు, శ్రేణులు కూడా ఏర్పరచింది. ఆ దేశంలో ఈ ఆట నేర్పేవారు పదే పదే చెప్పే మాట ఒకటి ఉన్నది: "మోకాళ్ళను వాడు."

ఆ మాటలో ఉన్న శాస్త్రాన్ని గమనించండి. బంతి దారానికి నిశ్చలంగా వేలాడుతూ ఉంటుంది. ఆటగాడు మోకాళ్ళు వంచి, తిరిగి చాస్తాడు. శరీరంతో పాటు బంతి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. చేతితో గుంజితే అది ప్రక్కకు ఊగుతూ లేస్తుంది. పైకి చేరిన బంతి ఒక క్షణం ఆగినట్లు ఉంటుంది. ఆ క్షణంలో గిన్నెను దాని క్రిందికి చేర్చి, మళ్ళీ మోకాళ్ళు వంచాలి. అప్పుడు గిన్నె బంతితో పాటే దిగుతుంది, తాకిడి మెత్తబడుతుంది, బంతి నిలుస్తుంది. క్రికెట్ ఆడినవారికి ఇది కొత్త సంగతి కాదు. వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులను వెనుకకు తీసుకుంటారు కదా! కెండామాలో ఆ పని కాళ్ళు చేస్తాయి. మోకాళ్ళు బిగబట్టి నిలబడినవాని గిన్నెలో పడిన బంతి ఎగిరి బయటికి పోతుంది. పిల్లవాడు తన చెయ్యి పనికిరాదని నిరాశపడతాడు. లోపం చేతిలో లేదు, మీ సలహాలో ఉన్నది.

ఇక శరీరధర్మం సంగతి. మన నిలకడకు మూడు ఆధారాలు: కన్ను, చెవి లోపలి సమతుల్యతా అవయవం, పాదాల నుంచి కీళ్ళ నుంచి మెదడుకు చేరే స్పర్శ, స్థితి సమాచారం. కెండామా ఆడేవాని చూపు బంతి మీద ఉంటుంది. నేలనూ గోడనూ చూసి నిలదొక్కుకునే వెసులుబాటు కంటికి తగ్గుతుంది. ఆ భారం పాదాల మీద పడుతుంది. అంతేకాదు, నిలబడి ఉన్న మనిషి చెయ్యి ఎత్తబోయే ముందే, చేతి కండరాల కంటే మునుపే, కాళ్ళ కండరాలు బిగుసుకోవడం మొదలుపెడతాయి. చెయ్యి కదిలితే శరీరం తూలుతుందని మెదడుకు ముందే తెలుసు. కనుక చేతిపని అని మనం అనుకునేది అరికాలిలో ఆరంభమవుతుంది. కుర్చీలో కూర్చోబెడితే ఈ కసరత్తులో అధికభాగం పోతుంది, మిగిలేది మణికట్టు మాత్రమే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నడకలో తూలు వస్తున్నదని నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి "జాగ్రత్తగా ఉండండి, ఎక్కువగా తిరగకండి" అని చెప్పి పంపాను. ఆయన నా మాటను అక్షరాలా పాటించారు. ఉదయం పాలకు వెళ్ళడం మానుకున్నారు. మేడ ఎక్కడం మానుకున్నారు. పూజకు పీట మీద కూర్చోవడం కూడా మానుకున్నారు. ఏడాది తిరిగేసరికి స్నానాల గది గడప దగ్గర పడి తుంటి ఎముక విరిగింది. నా సలహా ఆయన కాళ్ళకు ఉన్న కాస్త సాధననూ తీసివేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. 2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, వందకు పైగా ప్రయోగాలను పరిశీలించి, వ్యాయామం వృద్ధులు పడిపోయే సందర్భాలను దాదాపు 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది. అందులో నిలకడకు పని చెప్పే వ్యాయామాలకు ప్రధాన స్థానం ఉన్నది. కెండామా ఔషధమని నేను అనడం లేదు. కాళ్ళకు పని చెప్పే ఆటను కాళ్ళు కట్టివేసి ఆడించవద్దని అంటున్నాను.

మరి ఎలా నిలబడాలి? పాదాలను భుజాల వెడల్పున ఉంచండి. అంతకంటే దగ్గరైతే శరీరం ప్రక్కలకు ఊగుతుంది. మరీ ఎడమైతే మోకాళ్ళు సులువుగా వంగవు. పిడి పట్టిన చేతివైపు పాదాన్ని అర అడుగు ముందుకు వేయండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడు చోట్లా బరువు సమంగా ఆననివ్వండి. మడమలు లేవకూడదు. మోకాలు కాలివ్రేళ్ళు చూపే దిక్కుకే వంగాలి, లోపలికి వాలకూడదు. నడుము వంచి బంతిని వెంబడించకండి. తల వెనుకకు వాల్చకండి. బంతి రొమ్ము ఎత్తుకు లేస్తే చాలు.

పెద్దవయసువారు ప్రక్కనే బరువైన బల్ల ఉండేట్లు చూసుకుని, తోడుగా ఒకరు ఉండగా ప్రారంభించాలి. నున్నటి టైల్సు మీద మేజోళ్ళతో గానీ, హవాయి చెప్పులతో గానీ ఆడకూడదు. మధుమేహం వలన అరికాళ్ళు మొద్దుబారినవారు వట్టి కాళ్ళతో నిలబడక, పాదాన్ని పట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. మోకీళ్ళ అరుగుదల ఉన్నవారికి కొద్దిపాటి వంపు చాలు, గుంజీలు తీయనక్కర లేదు. కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు తమ వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు. నిలబడలేనివారు కూర్చునే ఆడవచ్చు. నిలబడగలిగినవారిని కూర్చోబెట్టడమే నా అభ్యంతరం.

"గొప్ప ఆటగాళ్ళు నడుస్తూ కూడా ఆడుతున్నారు, వారికి ఈ నియమాలేవీ?" అని కొందరు అడుగుతారు. వారిని మరొకసారి చూడండి, చేతులను వదిలి మోకాళ్ళనే చూడండి. అవి ఒక్క క్షణం కూడా బిగుసుకొని ఉండవు.

మన పిల్లలందరూ ఆడిన బొంగరాన్ని తలచుకోండి. తిరుగుతున్నంతసేపే అది నిలబడుతుంది, ఆగగానే పడుతుంది. ఈ సాయంత్రం మీ మనవడు కెండామా తీసినప్పుడు "కదలకు" అనకండి. మోకాళ్ళు వంచమనండి. ఆ తరువాత మీరు కూడా కుర్చీలోంచి లేచి, ఒకసారి మీ చేతికి ఇమ్మనండి.