శెనక్కాయ సబ్సిడీ ఎవరి ఖాతాలో?

మన సంఘంలో ఒడుగత్తూరు, గుడియాత్తం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఊళ్ళో ఎకరమో, రెండెకరాలో పట్టా మన పేరున ఉంటుంది. సేద్యం చేసేది మాత్రం చిన్నాన్న కొడుకో, పక్క పొలం ఆయనో. అందుకే ఈసారి శెనక్కాయ సబ్సిడీ సంగతి రాయాలనిపించింది. (మన పక్క తమిళులు దీన్ని మల్లాట్ట అంటారు. పిల్లలకు చెప్పండి, వేర్కడలై అనే మాట ఒక్కటే వాళ్ళకు తెలుసు!)

నూనెగింజలన్నిటికీ ఖర్చు ఒక తీరుగా ఉండదు. నువ్వులు ఎకరాకు రెండు కిలోలు చల్లితే చాలు. శెనక్కాయకు దాదాపు 50 కిలోల పప్పు కావాలి. పండినదాంట్లో అంత తీసి, పురుగు పట్టకుండా, మొలకశక్తి పోకుండా దాచుకోవడం చిన్న రైతుకు కష్టం. ఆడి పట్టంలో వాన పడిన వారంలోపు ఎవరి దగ్గరో కొనాల్సిందే. విత్తనం మీద ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు విలువ అక్కడ తెలుస్తుంది.

జిప్సం కూడా అంతే. విత్తిన 40, 45 రోజులకు మట్టి ఎగదోసేటప్పుడు వేయాలి. ఊడలు నేలలోకి దిగాక, కాయ తనకు కావలసిన సున్నపు పోషకాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అది లేకపోతే లొట్టకాయలే. నెల ఆలస్యంగా వచ్చిన జిప్సం గట్టు మీద కుప్పగా ఉండిపోతుంది.

1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. ఆ తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 2024 అక్టోబరులో 10,103 కోట్ల రూపాయలతో మరో జాతీయ మిషన్‌కు అనుమతి ఇచ్చారు. అది 2030-31 వరకు. డబ్బు లేదని అనలేం. పథకాన్ని బట్టి కొన్నిటికి ధరలోనే తగ్గిస్తారు, కొన్నిటికి ముందు పూర్తి సొమ్ము కడితే తర్వాత ఖాతాలో వేస్తారు. ఈ రెండో పద్ధతి గురించి ఒడుగత్తూరులో మా మామ వరసైన ఒకాయన్ను అడిగాను. “విత్తనం నేలలో ఉండాల్సిన నాడు డబ్బు బ్యాంకులో ఉంటే నాకేమి నాయనా? ఆ రోజు చేతిలో లేకనే కదా వడ్డీకి తెచ్చింది” అన్నాడు. ఆయన మాటే నాకు సరిగా తోచింది.

ఇంకో చిక్కు ఉంది. చిట్టా, అడంగల్, ఆధార్, పాస్‌బుక్కు అడుగుతారు. చిట్టాలో పేరు మనది. కౌలుదారు పేరు రికార్డుకెక్కించడానికి తమిళనాడులో 1969 నాటి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒకటి, 2019లో మరొకటి వచ్చాయి. 2019 చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే భూమి హక్కుకు ఏ ఢోకా లేదు. అయినా సంతకం అనేసరికి యజమానికి భయం. పొలం పోతుందేమోనని అన్నదమ్ములే నోటిమాటతో సరిపెట్టుకుంటారు.

అలా సేద్యం చేసే ఆయన వెల్లూరు నుంచో, చెన్నై నుంచో కాగితాల నకళ్ళు తెప్పించుకుని, మన పేరు మీద విత్తనం తెచ్చుకుంటాడు. ఖాతాలో వేసే సొమ్మయితే మన ఖాతాకే వస్తుంది. ఫోనుకు వచ్చిన ఆ సందేశం ఎందుకొచ్చిందో కూడా మనం చూడం. పొంగలికి ఊరు వెళ్ళినప్పుడు ఆయన అడగడానికి మొహమాటపడతాడు. ఆలోగా శెనక్కాయలు పీకి, అమ్మి, షావుకారు బాకీ వడ్డీతో కట్టడం కూడా అయిపోయి ఉంటుంది.