ఈ ఓడ ఎటు పోతుందిరా?

2020 లాక్‌డౌన్‌లో అందరూ డాల్గోనా కాఫీ గిలకొడుతుంటే నేను ఓడ కట్టాను. ఇంజినీరింగ్ అప్పుడే అయిపోయింది. ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్ డేట్ రాలేదు. మా ఊరు భద్రాచలం దాటాక కూనవరం రోడ్డులో, ఒకపక్క గోదావరి, ఒకపక్క అడవి. సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. చేతిలో బోలెడు టైమ్. ఆన్‌లైన్‌లో హెచ్‌ఎంఎస్ విక్టరీ చెక్క కిట్ తెప్పించాను, 1:100 స్కేల్. 1765లో నీళ్ళలోకి దిగి, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన ఓడ. ఇప్పటికీ ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్‌లో ఉంది.

ఏడు నెలలు పట్టింది. తెరచాపలు కట్టి, వెనకాల జెండా ఎగరేసి, ఇన్‌స్టాలో పెట్టి, లైకులన్నీ లెక్కపెట్టుకున్నాక తాతయ్య దగ్గరికి పట్టుకెళ్ళాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చాలాసేపు చూశాడు.

"బానే ఉందిరా. మరి ఇది ఎటు పోతంది?"

"ముందుకే తాతయ్యా."

"చాపలేమో గాలి ఎనకనించి కొడతన్నట్టు ఉబ్బినయ్. జెండా ఏమో ఎనక్కి ఎగురుతంది. గాలి రెండు పక్కల నించి ఎట్టా వస్తదిరా?"

నోట మాట రాలేదు. బైక్ మీద పోతుంటే జెండా వెనక్కి ఎగురుతుంది కదా, ఓడకీ అంతే అనుకున్నాను. బైక్‌ని తోసేది ఇంజిన్. ఓడని తోసేది గాలే. వెనక నుంచి వచ్చే గాలి ఓడకంటే స్పీడుగా ఉంటేనే ఓడ కదులుతుంది, అంటే జెండా కూడా ముందుకే ఎగరాలి. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివినోడికి ఇది తట్టలేదు. సముద్రాన్ని జన్మలో ఒక్కసారి, అదీ కాకినాడలో మా మేనత్త పెళ్ళికి వెళ్ళినప్పుడు చూసిన మనిషికి అర నిమిషంలో తట్టింది.

తట్టడానికి కారణం ఉంది. తాతయ్య పద్నాలుగేళ్ళ వయసులో గోదావరి మీద తెరచాప పడవ ఎక్కాడు. ఇక్కడి నుంచి చింతపండు, వెదురు, కరక్కాయ వేసుకుని పాపికొండల గుండా రాజమండ్రి దిగడం, అక్కడి నుంచి ఉప్పూ సరుకులూ వేసుకుని ఎక్కడం. దిగేటప్పుడు ఏరే తీసుకుపోతుంది. ఎక్కేటప్పుడు గాలి వీపున పడితే చాప, పడకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. నాకు ఇదంతా చిన్నప్పుడు కథలా తెలుసు. అది టెక్నికల్ నాలెడ్జ్ అని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఈ కాలమ్ రెగ్యులర్‌గా చదివేవాళ్ళకి నా సంగతి తెలుసు, ఒకటి పట్టుకుంటే వదలను. జెండా తిప్పేశాక మిగతా తాళ్ళ మీద పడ్డాను. ఓడ మోడల్‌లో చెక్క పని సగమే. అసలు పరీక్ష తాళ్ళ దగ్గరే. నిజం విక్టరీ మీద తాళ్ళన్నీ కలిపితే 26 మైళ్ళు. మోడల్‌లో వాటిలో చాలావాటిని వదిలేసినా, కట్టిన ప్రతి తాడూ ఏదో ఒక పని చేస్తున్నట్టు కనిపించాలి. మన భాషలో చెప్పాలంటే డెడ్ కోడ్ ఉండకూడదు. ఆ లెక్కన చూస్తే నా ఓడలో బగ్స్ ఎన్నో చెప్పలేను.

మొదటిది లావు. పాత ఓడల లెక్కల్లో తాడు సైజు అంటే చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 6 అంగుళాల తాడు అని రాసి ఉంటే దాని మందం 2 అంగుళాలకి కాస్త తక్కువ. 1:100లో అర మిల్లీమీటరు కూడా రాదు. నేను చుట్టుకొలతనే మందం అనుకుని, ఒకటిన్నర మిల్లీమీటరు దారం వాడాను. నా ఓడని నిజం సైజుకి పెంచితే నావికుడి గుప్పిట్లో పట్టని తాళ్ళు.

రెండోది మెట్లు. కొయ్యని రెండు పక్కల నుంచి బిగించి పట్టే తాళ్ళ మధ్య నిచ్చెనలా అడ్డంగా చిన్న తాళ్ళు కడతారు, నావికులు పైకెక్కడానికి. మెట్టుకీ మెట్టుకీ సుమారు అడుగుంపావు ఉంటుంది. నా స్కేల్‌లో నాలుగు మిల్లీమీటర్ల లోపు రావాలి. ఓపిక లేక ఆరు పెట్టాను. అంటే తుఫానులో, చీకట్లో, ఊగే ఓడలో పాపం ఆ కుర్రాళ్ళు ఒక్కో మెట్టు రెండడుగులు ఎక్కాలన్నమాట.

మూడోది రంగు. కదలకుండా కొయ్యల్ని పట్టి ఉంచే తాళ్ళకి వానకీ ఉప్పునీటికీ కుళ్ళకుండా తారు పట్టిస్తారు, అవి నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి. చాపల్ని ఎత్తడానికీ తిప్పడానికీ రోజూ చేతుల్లో ఆడే తాళ్ళు నార రంగులోనే ఉంటాయి. దూరం నుంచి చూసినా ఏ తాడు కాపలా కాస్తోందో, ఏ తాడు పని చేస్తోందో తెలిసిపోవాలి. నేను అన్నిటికీ ఒకటే నల్లదారం కొట్టాను.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది బరువు. నిజం తాడు తన బరువుకి కొంచెం వంగుతుంది, చుట్ట చుట్టి మేకుకి తగిలిస్తే మెత్తగా కిందికి జారుతుంది. పొడవు వందో వంతుకి తగ్గితే బరువు పది లక్షల్లో ఒక వంతుకి పడిపోతుంది. దారానికి భూమ్యాకర్షణ ఉన్నట్టే అనిపించదు. చుట్ట చుడితే స్ప్రింగులా గాల్లోకి లేస్తుంది. దీనికి చిట్కా ఉంది. ఫెవికాల్‌ని నీళ్ళలో పల్చగా కలిపి దారం తడిపి, కొసకి చిన్న బరువు వేలాడదీసి, వంపు రావాల్సిన చోట పట్టకారుతో నొక్కి ఆరనివ్వాలి. కాటన్ దారమైతే ముందు తేనెమైనం పట్టించాలి, లేకపోతే దాని నూగు స్కేల్‌లో గొంగళిపురుగు వెంట్రుకల్లా కనిపిస్తుంది.

తాడు కూడా కొనుక్కోకుండా నేనే పేనడం మొదలుపెట్టాను. పాత డ్రిల్ మోటార్, మూడు కొక్కేలు, ఒక గిలక. పేటలకి ఒక పక్క పురి ఎక్కించి, మూడు పేటల్ని కలిపేటప్పుడు ఎదురు పక్కకి తిప్పాలి. రెండు పురులూ ఒకదాన్నొకటి విప్పాలని చూస్తాయి, ఆ పోట్లాటే తాడుని బిగించి ఉంచుతుంది. యూట్యూబ్‌లో మూడు రోజులు చూసి నేర్చుకున్నాను. తాతయ్య వచ్చి, మోటార్ ఆపమని, అడవి నుంచి తెచ్చిన అడ్డతీగ నార తీసి తొడ మీద అరచేత్తో రెండు తోపులు తోసి జానెడు తాడు చేతిలో పెట్టాడు. అదే ఎదురు పురి. నేను మోటార్ మళ్ళీ ఆన్ చేశాను, ఇజ్జత్ కోసం.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత మళ్ళీ అంత నీరు అప్పుడే. నాన్న వడ్ల బస్తాలు, అమ్మ ఫొటోలు, పట్టా కాగితాలు అటక మీదకి ఎక్కించారు. విక్టరీ టీవీ స్టాండ్ మీదే ఉండిపోయింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. పునరావాస శిబిరం నుంచి ఇంటికొచ్చి బురద కడుగుతుంటే దొరికిందట. చెక్క బతికింది, తాళ్ళన్నీ బూజు పట్టి పేస్ట్ అయిపోయాయి. చెప్పకూడదు కానీ, నాకు పెద్దగా బాధ కలగలేదు. అప్పటికే ఆ తాళ్ళ తప్పులన్నీ నాకు తెలుసు.

ఈసారి మనదే ఏదైనా కట్టాలనిపించింది. వెతుకుతూ పోతే గోదావరి కింది కొసకి చేరాను: కోరంగి. ఇప్పుడా పేరు వింటే మడ అడవులూ బోటు సెల్ఫీలే గుర్తొస్తాయి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, పెద్ద ఓడలు రిపేరుకి వచ్చేవి. 1802లో అక్కడ డ్రై డాక్ కూడా కట్టారు. బర్మాలో తెలుగువాళ్ళందర్నీ కోరంగీలు అనే పిలిచేవారు. ఎగువ గోదావరి అడవుల టేకుని, అంటే మా వైపు కలపని, తెప్పలుగా కట్టి ఏట్లో వదిలితే కిందికి చేరేది. 1839 నవంబర్ ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది.

ఆ తీరంలో తిరిగిన సరుకు పడవల్ని దోనెలు అనేవారు. ట్రింకోమలీలో ఓడల పని చూసిన జాన్ ఎడై అనే ఇంగ్లీషువాడు 1834లో వాటి గురించి రాశాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఒక కొయ్య, ఒక చాప. రాశాడు కానీ ఇష్టపడి రాయలేదు, వాటి కట్టుబడి మోటు అన్నాడు. ఫ్రెంచి నేవీ ఆఫీసరు పారిస్ అలా కాదు. (అది ఇంటిపేరు. ఊరు కాదు.) 1840లలో అచ్చైన తన పుస్తకంలో యూరప్ బయటి దేశాల పడవల్ని, మన కోరమాండల్ తీరంవి కూడా, కొలతలు తీసి తాళ్ళతో సహా గీశాడు. 1871లో లూవ్ర్‌లోని ఓడల మ్యూజియం బాధ్యత తీసుకున్నాక ఆ బొమ్మల్ని చూసి మోడల్స్ చేయించాడు. ఇంకా వెనక్కి వెళ్తే శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. కాకపోతే వేలిగోరంత నాణెంలో తాడు ఎక్కడ ముడేశారో వెతకడం, 144పి వీడియోలో నంబర్ ప్లేట్ చదవడం ఒకటే.

బొమ్మని చూసి ఓడ కట్టడం ఎంత కష్టమో మొన్న నేవీ వాళ్ళే చూపించారు. ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్యని అజంతా గుహలోని ఒక పెయింటింగ్ ఆధారంగా కట్టారు. మేకులు లేకుండా పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టారు. బ్లూప్రింట్ ఏదీ లేదు కాబట్టి చాపలూ తాళ్ళూ మళ్ళీ ఆలోచించి తయారుచేయాల్సి వచ్చింది. ఐఐటీ మద్రాస్‌లో మోడల్ మీద పరీక్షలు చేశారు. 2025 మేలో కార్వార్‌లో నేవీలో చేరింది, డిసెంబర్‌లో పోర్‌బందర్‌లో బయల్దేరి మస్కట్ చేరింది. వాళ్ళకి ఐఐటీ ఉంది. నాకు తాతయ్య ఉన్నాడు కదా అనుకున్నాను. కోరంగి దోనె పక్కన పెట్టి ఆయన ఎక్కిన గోదావరి పడవే కట్టడం మొదలుపెట్టాను, 1:24లో.

ఆలస్యం చేశాను. నిరుడు తాతయ్యకి పక్షవాతం వచ్చింది. మాట కొంచెం తడబడుతుంది, కుడిచెయ్యి లేవదు. తొడ మీద తాడు పేనిన చెయ్యి అదే.

అందుకని ఆయన చెప్తాడు, నేను కడతాను. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి. మొదటి రోజే చివాట్లు పడ్డాయి.

"లాగుడు తాడు ఏది?"

ముక్కు దగ్గర ఒక కొక్కెం చూపించాను.

"ఆడ కడితే పడవ గట్టెక్కి కూసుంటది. కొయ్యకి కట్టాల."

ఆలోచిస్తే అర్థమైంది. గట్టు మీద నుంచి లాగే తాడు పడవ ముక్కుకి కడితే ముక్కు గట్టు వైపు తిరిగిపోతుంది. పైన కొయ్యకి కడితే లాగే చోటు వెనక్కి జరుగుతుంది, చుక్కానితో సరిదిద్దుకోవచ్చు. తాడు ఎత్తులో ఉంటుంది కాబట్టి గట్టు మీది తుప్పలకీ బండలకీ తగులుకోదు. మరి లాగేవాళ్ళ బలమంతా కొయ్య మీద పడుతుంది కదా, అందుకే కొయ్య వెనక ఇంకో గట్టి తాడు ఉండాలి. పాత ఫొటోల్లో ఆ వెనక తాడు చూసి ఊరికే ఉందనుకుని వదిలేశాను. డెడ్ కోడ్ అని నేను డిలీట్ చేసింది మెయిన్ ఫంక్షన్.

ఇంకో చిన్న తాడుంది. లాగుడు తాడు మధ్యలో ఒక చోట ముడేసి పడవ ముక్కు దాకా తెచ్చేది. దాన్ని బిగించినా వదిలినా లాగే కోణం మారుతుంది. పాపికొండల్లో ఏరు ఇరుకైన చోట ఒక మనిషి ఆ తాడు పట్టుకునే కూర్చునేవాడట. దాని ముడి ప్రత్యేకం. బరువు మీదున్నా ఒక్క గుంజుకి విడిపోవాలి, విడిపోకపోతే పడవ తిరగబడుతుంది. పీటముడి పడిందా, పని అయిపోయినట్టే. తాతయ్య ఎడం చూపుడువేలితో గాల్లో గీస్తూ చెప్పాడు: చుట్టు, కిందనించి తీ, ఇటు మడువు. పదకొండు సార్లు కట్టాను. ఒక్కసారీ విడిపోలేదు. ఆ తాడు పేరేంటని అడిగితే ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాన్న ఏదో అన్నాడు, కాదన్నాడు. నాయనమ్మ ఏదో అంది, అదీ కాదన్నాడు. పేరు లేకుండానే, పని చేయని ముడితోనే ఆ ఆదివారం నైట్ బస్సెక్కాను.

మంగళవారం పొద్దున స్టాండప్ కాల్‌లో ఉండగా నాన్న ఫోన్ నుంచి కాల్ వచ్చింది. మ్యూట్ కొట్టి ఎత్తాను. తాతయ్య.

"గుర్తొచ్చిందిరా."

"తాడు పేరా?"

"తాడు కాదు. ఆ తాడు కాడ కూసునేటోడి పేరు." పేరు చెప్పాడు. నేనెప్పుడూ వినలేదు. "ఆడు ఎడం చేతివాటం మనిషి. ఆడు కడతంటే చూసిందే నీకు చెప్పిన. తిరగేసి కట్టు."

శనివారం ఊరెళ్తున్నాను. పట్టకారు, తేనెమైనం బ్యాగ్‌లో పెట్టాను. దారం అక్కడే ఉంది.